ఆగుబండ అమ్మవారికి ప్రదక్షిణ ఎందుకు లేదు

కొండ ఎక్కివచ్చిన భక్తులు ముందుగా అడిగే మాట, ప్రదక్షిణ ఎటునుంచి అని. ఆగుబండ అమ్మవారికి ప్రదక్షిణ లేదు. చెక్కని గుండు రూపంలో ఉన్న తల్లి సరిగ్గా బండ అంచున, లోయకు వీపు పెట్టి కూర్చుంది. గుడి పెంకుల మీద తెల్లగా మెరిసేవి పిల్లల పాలపళ్ళు.

పూర్వం ఇక్కడ, ఈ సీమను ఏలిన నాయకుడు ప్రాణం తీసినవాళ్ళను ఈ బండ మీదినుంచి తోయించేవాడు. తోసేముందు చనిపోయినవారి ఇంటివాళ్ళే ఆఖరి ముద్ద పెట్టాలన్నది అప్పటి కట్టు.

కింది పల్లెలో ఓబన్న అనే గొర్రెల కాపరి, తన గొర్రెపిల్లను కరిచిందని బీరప్ప అనే పదకొండేళ్ళ పిల్లవాడి కుక్కను కొట్టి చంపాడు. మర్నాడు ఓబన్న కొండవాలులో నిద్రపోతుండగా బీరప్ప పైనుంచి గుండు దొర్లించి చంపాడు. తెలియక కాదు, చూసే దొర్లించాడు. ఆ మాట వాడే ఒప్పుకున్నాడు.

ఓబన్న భార్య సిద్ధక్క కడుపు రగిలిపోతూ కొర్రన్నం, బెల్లం మూటగట్టుకుని బండ ఎక్కింది. బీరప్ప పడిపోవడం కళ్ళారా చూస్తే గానీ గుండె చల్లబడదనుకుంది.

బెల్లంగడ్డ కొరకగానే పిల్లవాడు మొహం చిట్లించి, నోట్లోంచి ఏదో తీసి చూసుకున్నాడు. కదులుతున్న పాలపన్ను ఊడివచ్చింది. ఎక్కడున్నాడో మరిచిపోయి నవ్వాడు.

"అత్తా, ఈడ కప్పే లేదే! మీ ఇంటిమీద ఏస్తావా? ఏయకుంటే కొత్తది మొలవదంట."

సిద్ధక్క చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. తన మగణ్ణి చంపిన మనిషిని చూడ్డానికి వచ్చింది. ఆ మనిషి ఇంకా తయారే కాలేదు. భటులు వాడి రెక్క పట్టుకుని లేపేసరికి "ఆగండి!" అని అరిచింది. ఆ కేకతోనే దీనికి ఆగుబండ అన్న పేరు వచ్చింది.

"ఎందాక ఆగాలక్కా?" అన్నాడు భటుల పెద్ద విసుగ్గా.

"వానికి పన్ను మొలిచేదాక."

"వింటే నాయకుడు నవ్వుతాడు."

"నవ్వనీ. ఆయప్పకు పండ్లన్నీ ఉన్నాయి కదా. వీనికీ రానీ."

నాయకుడు నవ్వాడు. పోయింది ఆమె మగడే గనక ఒప్పుకున్నాడు కూడా. సిద్ధక్క ఆ పన్నును తన ఇంటి కప్పు మీదికి విసిరి, పిల్లవాణ్ణి ఇంట్లో ఉంచుకుంది. మొదట్లో వాడి మొహం చూడలేక గిన్నె పక్కకు తోసేది. తర్వాత్తర్వాత "నోరు తెరువురా ముదనష్టపోడా" అంటూ రోజూ చిగురు తడిమేది, మొలవకూడదని మొక్కుకుంటూ.

పన్ను మొలిచింది. భటులు వస్తారనగా తెల్లవారుజామున అమ్మవారు సిద్ధక్క కలలోకి వచ్చి, "నీ మగని ప్రాణం తీసిన గుండులోనే నేనున్నాను. దొర్లించినవాడే నన్ను పైకి మోసుకురావాలి" అంది.

సిద్ధక్క అదే మాట నాయకుడి ముందు చెప్పింది. "దొర్లించేదానికి పిల్లోని బలం చాలింది దొరా. పైకెక్కియ్యాలంటే మనిషి బలం కావాల. పెరగనియ్యి."

అమ్మ మాట కాదనలేక నాయకుడు భటుల్ని వెనక్కి పిలిపించాడు.

ఏళ్ళు గడిచాక, మీసం వచ్చిన బీరప్ప ఆ గుండును వీపు మీద కట్టుకుని ఏడుస్తూ కొండెక్కాడు. వెనకాలే ముసలి సిద్ధక్క, "మెల్లగా నాయనా, మెల్లగా" అంటూ వచ్చింది. మనుషుల్ని తోసేచోటనే దాన్ని దించాడు. ఇక అక్కణ్ణుంచి ఎవరినీ తోయడానికి కాలు మోపే చోటు మిగల్లేదు. ప్రదక్షిణకూ లేదు.

నేటికీ పూజారులు బీరప్ప వంశంవారే. పాలపన్ను ఊడిన పిల్లల్నీ, తప్పు చేసి దొరికిపోయిన పిల్లల్నీ ఇక్కడికి తీసుకొస్తారు. ముందు పెద్దవాళ్ళు "ఆగుతాం తల్లీ" అనాలి, ఆ తర్వాతే పిల్లల చేతిలో బెల్లం పెడతారు. అలా ఆగిన ఇంట పిల్లలు తమ బరువు తామే మోసుకునేంతవాళ్ళు అవుతారని తల్లి దీవెన.