అంబలి తాగిన బోయీ

కొండదారుల్లో పల్లకీలు తిరిగే రోజుల్లో, నెమలికొండ కోటలో ఒక రాజు ఉండేవాడు. "ఓహోం, ఓహోం" అని బోయీల కేక వినబడితే చాలు, ఊళ్లకు ఊళ్లే వాకిళ్లలోకి వచ్చేసేవి. పల్లకీ మోసేవాళ్లను ఖాళీ కడుపుతో సాగనంపితే ఆ ఊరికే తలవంపులు. ఎంత మంచి మనుషులో! ఆ రోజులు తలచుకుంటే ఇప్పటికీ నా ప్రాణం లేచివస్తుంది.

ఒకనాడు రాణిగారికి నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ అడ్డం తిరిగింది. మంత్రసాని పైడమ్మ వస్తేగానీ తల్లీబిడ్డా దక్కరు. ఆమె ఇల్లేమో కొండ కింద, మూడూళ్ల అవతల. నలుగురు బోయీలు ఆమెను పల్లకీలో ఎక్కించుకుని బయలుదేరారు.

మొదటి ఊళ్లో మినపగారెలు పెట్టారు. ముగ్గురు లొట్టలు వేస్తూ తిన్నారు. నాలుగోవాడు గవరయ్య మాత్రం కాస్త రాగి అంబలి అడిగి తాగాడు.

రెండో ఊళ్లో నేతి బొబ్బట్లు. గవరయ్య వద్దనేసరికి ఊరిపెద్ద చిన్నబుచ్చుకున్నాడు.

"మా ఇంటి వంట పనికిరాదటోయ్?"

"అయ్యో, అంత మాటా బాబూ! ముందు కొండెక్కాలి. దిగి వచ్చేటప్పుడు అడిగి మరీ తింటాను."

మూడో ఊళ్లో ముద్దపప్పు, వేటమాంసం. "అంబలి తాగేవాడివి, నువ్వేం కొండెక్కుతావురా?" అని తోటివాళ్లు గవరయ్యను ఆటపట్టించారు. తిండి దగ్గర కూర్చున్నవాడికి ఎవరి గోడు వినబడుతుంది? పల్లకీలోంచి పైడమ్మ ఎంత మొత్తుకున్నా ఆ ముగ్గురూ విస్తళ్లు వదల్లేదు.

తీరా కొండ సగం ఎక్కేసరికి ముగ్గురికీ ఆయాసం ముంచుకొచ్చింది. కళ్లు మూతలు పడ్డాయి. పల్లకీ దించి కూలబడ్డారు.

"అక్కడ తల్లి ప్రాణం పోతోందిరా నాయనా!" అని పైడమ్మ బావురుమంది.

గవరయ్య వంగి, "నా వీపెక్కు మామ్మా" అన్నాడు. ఆమెను మోసుకుని, చెమటలు కక్కుతూ, ఆగకుండా కోట చేరాడు. పొద్దు గూకకముందే అంతఃపురంలో పసిబిడ్డ కేరుమంది. తల్లీబిడ్డా దక్కారన్న ఆనందంతో రాజుగారు కన్నీళ్లు తుడుచుకుంటూ వచ్చారు.

"నలుగురిలో నీకొక్కడికే ఇంత బలం ఎక్కడిదయ్యా?"

"బలం నలుగురికీ ఒకటే మహారాజా. కడుపు కూడా పనిచేసేదే కదా! అంబలి అరిగించడం దానికి చిటికెలో పని. మాంసమూ గారెలూ అరిగించాలంటే ఒంట్లో సత్తువనంతా సాయం పిలుచుకుంటుంది. వాళ్ల సత్తువ కడుపు దగ్గర ఉండిపోయింది. నాది కాళ్లలో మిగిలింది."

అందుకే పిల్లలూ, కడుపుకు పెద్ద పని చెప్పేముందు, కాళ్లూ చేతులూ చేయాల్సిన పని ఏముందో చూసుకోవాలి.