గుడ్డుపెంకు మీది గాట్లు

కాత్యాయని ఎనిమిదేళ్లుగా సముద్రంలోని దీవుల్లో, గుహల మట్టి తవ్వుతోంది. ఎప్పుడో అంతరించిన పిట్టల ఎముకలు ఏరి, అవి ఏ జాతివో తేల్చడం ఆమె పని. ఏడో జాతి బయటపడిన వారం, రిపోర్టు రాయడానికి కూర్చుని ఒక్క వాక్యం కూడా రాయలేకపోయింది.

పడవెక్కి గురువు దగ్గరికి వెళ్లింది. డెబ్బై దాటిన జోగారావు గారు ఒక చిన్న దీవిలో, బతికున్న పిట్టల్ని లెక్కపెడుతూ ఉంటున్నారు.

“మాస్టారూ, ఇక మానేస్తాను. పోయినవాటికి పేర్లు పెట్టి ఎవరికి లాభం?”

“అన్నం తిన్నావా?” అన్నారాయన.

మర్నాడు పొద్దున్నే అడవిలోకి తీసుకెళ్లారు. వలలో ఒక గోధుమరంగు పిట్ట చిక్కింది. దాన్ని ఆమె చేతుల్లో పెట్టారు.

“పట్టుకో. లెక్కలో గుర్తుకి కాలికి రింగు వేస్తాను.”

వెచ్చగా ఉంది. గుండె దడదడా కొట్టుకుంటోంది. ఆమె బొటనవేలు అలవాటుగా రొమ్ము ఎముకను తడిమి, ఎగిరే పిట్టలకుండే ఎత్తైన గట్టు తగలక ఆగిపోయింది.

“ఇది సరిగ్గా ఎగరలేదు కదూ?”

“పరిగెడుతుంది. గూడు నేల మీదే పెడుతుంది.”

“గుహలో దొరికిన ఏడోదానికీ ఎముక ఇలాగే ఉంది మాస్టారూ.”

ఆయన రింగు నొక్కి, జేబులోంచి చిన్న డబ్బా తీసి మూత తెరిచారు. లోపల పగిలిన గుడ్డుపెంకు. “నెల నుంచి ఇలాంటివే దొరుకుతున్నాయి. పీతల పనేమో అనుకుంటున్నాను. నాకు తెలియడం లేదు.”

కాత్యాయని వంగి చూసింది. పెంకు అంచున సన్నటి గాట్లు, రెండేసి చొప్పున. గుహలోని ఎముకల మీద ఆ గాట్లను ఆమె వందలసార్లు చూసింది. అవి కనిపించిన పొరకు జానెడు పైన, ఆ తర్వాతి కాలపు మట్టిలో, ఇక ఒక్క పిట్ట ఎముకా లేదు.

“పీతలు కావు. ఎలుకలు,” అంది. “ఓడల్లో వచ్చుంటాయి.”

ఆయన డబ్బా మూసేశారు.

ఆమె కిందికి వంగి చేతులు విప్పింది. పిట్ట ఎగరలేదు. తడి ఆకుల మీదుగా పరిగెత్తి పొదల్లో దూరింది.

“గూళ్లన్నీ ఎక్కడున్నాయి?”

“దీవి చుట్టూ.”

“వాటి చుట్టూ ఎలుకల్ని పట్టడం ఇవాళే మొదలుపెట్టాలి. కానీ నాకు ఓపిక లేదు మాస్టారూ.”

“నాకూ లేదమ్మా,” అన్నారాయన, కర్ర అందుకుంటూ. “మెల్లగా నడుద్దాం.”