గొట్టం పక్కన పీట

గంగరాజుకి అన్నం సయించడం లేదు. చూసినవాళ్లంతా శభాష్ అంటున్నారు గానీ, పని నేర్పిన జిలానీ మేస్త్రి ఇంకా ఒక్క మాటా అనలేదు మరి.

చేసింది చిన్న పనేం కాదు. అంబాజీపేట దగ్గర పీచు ఫ్యాక్టరీలో, కొబ్బరిపీచుని బేళ్లుగా నొక్కే పాత మరప్రెస్సు ఒకటి ఉండేది. నలుగురు మగాళ్లు దూలం పట్టుకుని గుండ్రంగా తిరిగితేగాని ఒక్క బేలు తెమిలేది కాదు. కొత్త హైడ్రాలిక్ ప్రెస్సు కొనే తాహతు ఓనరుకి లేదు. గంగరాజు ఆ పాత చట్రాన్నే ఉంచి, దూలంతో తిప్పే మర పీకేసి, తుక్కుకిచ్చేసిన టిప్పర్ లారీ జాకీని అడుగున బిగించాడు. జాకీలోకి నూనె తోయడానికి పాత ట్రాక్టరు పంపు, దాన్ని తిప్పడానికి ఓ ఇంజను తెచ్చి పెట్టాడు. ఇప్పుడు లివరు లాగితే చాలు, పీచు ఇటుకలా అయిపోతోంది.

"పక్కూరి కొత్త మిషను కన్నా మన బేలే గట్టి" అని ఓనరు ఊరంతా చెప్పుకున్నాడు. ఇక గంగరాజుని పట్టేవాళ్లెవరు, కాళ్లు నేలమీద ఆనితేగా.

"మీరొచ్చి చూసి ఓ మాట అంటేగాని తిన్నది ఒంటబట్టదండి" అని మేస్త్రిని బండెక్కించుకుని తీసుకొచ్చాడు.

జిలానీ మేస్త్రి మిషను చుట్టూ తిరిగాడు. వెల్డింగు అతుకుల మీద వేలితో రాసి చూశాడు. రిలీఫ్ వాల్వు దగ్గర ఆగాడు. ఒత్తిడి మించిపోతే నూనెని వెనక్కి ట్యాంకులోకి వదిలేసే వాల్వు అది.

"దీని స్క్రూ చివరంటా బిగించేశావేంట్రా?"

"ఆయ్. లేకపోతే నూనె ఊరికే వెనక్కి పోతోందండి. దండగ కదండీ. అది బిగించాకే బేలు అంత గట్టిగా వచ్చింది."

నూనె గొట్టం పక్కన, బేళ్లు కట్టే నాగమణి కూర్చునే పీట ఉంది. మేస్త్రి వెళ్లి దానిమీద కూర్చున్నాడు. గొట్టం అతుక్కి ఎదురుగా మొహం పెట్టి, టీ తెప్పించుకున్నాడు.

"నడుపు."

గంగరాజు లివరు మీద చెయ్యి వేశాడు. లాగబోయి ఆగిపోయాడు. ఆ గొట్టం కూడా తుక్కులో ఏరిందే. ఊడిందంటే నూనె కత్తిలా దూసుకొస్తుంది. ఆ సంగతి అతనికి మొదట్నించీ తెలుసు.

"అక్కణ్ణుంచి లేవండి మేస్త్రిగారూ."

"ఎందుకు?"

"గొట్టం పాతదండి. ఏమన్నా అయితే..."

"నాగమణికి చెప్పావా ఆ మాట?"

నాగమణి పక్కనే నిలబడి ఉంది. గంగరాజు ఆమెకేసి చూడలేకపోయాడు. సిగ్గుతో చచ్చిపోయాడు.

స్పానరు తీసి స్క్రూ వదులు చేశాడు. అందర్నీ దూరం జరగమని, ఇంజను వేసి, ఒత్తిడి చూపించే గేజీ చూసుకుంటూ ఆ గొట్టం భరించేంతవరకే ఒత్తిడి ఉంచాడు. ఆ తర్వాత తనే వెళ్లి పీటమీద కూర్చున్నాడు.

"లివరు మీరు లాగండి" అన్నాడు.

మేస్త్రి లాగాడు. జాకీ మీది ఇనప పళ్లెం లేచి పీచుని నొక్కింది, ఆగింది. నూనె గుడగుడమంటూ ట్యాంకులోకి వెనక్కి పోయింది.

ఓనరు బేలుని బొటనవేలితో నొక్కి చూసి, "కాస్త మెత్తబడిందే" అని నసిగాడు.

"ఇంతేనండి" అన్నాడు గంగరాజు, పీటమీంచి లేచి, తలెత్తి. "నా మిషను ఇంతే నొక్కుతుంది."

జిలానీ మేస్త్రి నాగమణి వైపు తిరిగాడు.

"కూర్చో తల్లీ. మావాడు చేసిన మిషను."