గోనెపట్టా కింది గేరుబాక్సు

కాలేషా ఉస్తాద్‌ను ఎవరైనా ప్రశ్న అడిగితే షెడ్డులో జవాబు చెప్పడు. చేతికంటిన గ్రీజు పాతగుడ్డకు తుడుచుకుని, అడిగినవాణ్ణి తన జీపులో ఎక్కించుకుని ఎటో తీసుకుపోతాడు. తిరిగొచ్చేసరికి వాడికి జవాబు దొరికి ఉంటుంది, లేదా ఏం అడిగాడో మర్చిపోయి ఉంటాడు. ఒంగోలులో మెకానిక్కులంతా ఈ అలవాటు చూసి నవ్వుకుంటారు. గేరు పడని బండి వస్తే మాత్రం నవ్వడం ఆపి ఆయన దగ్గరికే పంపుతారు. నాకు కారు తోలడం రాదు. బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే నాకదే విమానం. అయినా ఆయన శిష్యుడు మాలకొండయ్య చెప్పిన ఈ సంగతి విన్నప్పటి నుంచి నన్ను వదలడం లేదు కాబట్టి రాస్తున్నాను.

మాలకొండయ్యకు ముప్పై రెండేళ్ళు. తొమ్మిదేళ్ళుగా ఉస్తాద్ దగ్గర పని నేర్చుకుని చెయ్యి తిరిగినవాడు. అతని అక్క కోటేశ్వరి భర్త అంకబాబుకు కార్ల పందేల పిచ్చి. ఒక పాత ఎర్రకారులో ఆయన పెద్ద ఇంజన్ దింపించాడు. దాని బలం ఐదువందల గుర్రాలు. కారుతో వచ్చిన గేరుబాక్సేమో నూట ఇరవై గుర్రాలకు సరిపోయేది. వాడకం లేని పాత విమానాల రన్‌వే మీద పందెం జరిగిన రోజున, జెండా ఊపిన కాసేపటికే మూడో గేరు పళ్ళు రాలిపోయి కారు ఉసూరుమంటూ ఆగింది. ఆ బాక్సును ఉన్నంతలో గట్టిచేసి బిగించింది మాలకొండయ్యే. జనం ఈలలు వేశారు. బామ్మర్ది పనితనం చూడండ్రా అని ఎవరో అన్న మాట అతనికి గుచ్చుకుంది.

వారం తర్వాత అంకబాబు ఫోన్ చేసి, "ఈసారి విరగనిది పెట్టు. మిగతాది నేను చూసుకుంటా" అన్నాడు. వెనక నుంచి కోటేశ్వరి, మళ్ళీ పందెం ఏ తేదీన అని అడిగింది. అప్పటికే రెండుసార్లు చెప్పారు ఆమెకు. భయమేస్తే తేదీలు అడగడం ఆమెకు చిన్నప్పటి నుంచీ ఉన్నదే. ఆ సంగతి తమ్ముడికి తెలుసు, తెలిసీ ఆ పూటకు పక్కన పెట్టేశాడు. అతని తలలో ఈలలే మోగుతున్నాయి.

మూడు రకాలు చూసి పెట్టుకున్నాడు. ఒకటి మామూలు ఏటవాలు పళ్ళదే, పళ్ళు మందం చేసింది. ఇంకొకటి నిటారు పళ్ళది, గట్టిదే గానీ తోలినంతసేపూ గుక్కపెట్టి ఏడ్చినట్టు అరుస్తుంది. మరొకటి విదేశీ సరుకు. గేరు మెత్తగా పడటానికి ఉండే ఇత్తడి రింగులు తీసేసి, ఇనుప కొక్కేలు ఒకదాన్నొకటి పట్టుకునేలా చేశారట, వెయ్యి గుర్రాలనైనా ఓర్చుకుంటుందట. అంకబాబు వీటిలో ఏదో ఒకటి ఖాయం చేసి మరునాటికల్లా చెప్పమన్నాడు. మాలకొండయ్య మనసు మాత్రం ఈ మూడింటి మీదా లేదు.

షెడ్డు వెనక భాగంలో, చెక్కబల్ల మీద గోనెపట్టా కప్పిన గేరుబాక్సు ఒకటుంది. ముప్పై ఏళ్ళ కిందట ఉస్తాద్ తన చేత్తో కట్టింది. ప్రతి శుక్రవారం నమాజుకు వెళ్ళే ముందు ఆయన పట్టా ఎత్తి, తుప్పు పట్టకుండా నూనె రాసి, మళ్ళీ కప్పేస్తాడు. ఇంకొకరిని ముట్టనివ్వడు. అది విరగలేదు, విరగదు అని చుట్టుపక్కల షెడ్లలో చెప్పుకుంటారు. ఇన్నేళ్ళుగా ఎవరికీ ఇవ్వలేదంటే దానికి తగిన బండి రాకనే అని మాలకొండయ్య అనుకున్నాడు. అతని చోట మనమున్నా అలాగే అనుకుంటాం.

ఆ సాయంత్రం ధైర్యం చేసి అడిగేశాడు.

"ఉస్తాద్, ఎంత తొక్కినా విరగని గేరుబాక్సు కావాల. ఆ పట్టా కింద ఉన్నది మా బావ బండికిస్తారా?"

ఉస్తాద్ బల్ల వైపు చూశాడు. ఎప్పటిలా చేతులు తుడుచుకోలేదు. తెల్లారేసరికి రమ్మని, ఉప్పు మడుల వైపు వెళ్దామని చెప్పాడు.

మాఘమాసపు మంచు ఆ వేళ ఎంత దట్టంగా ఉందంటే, చినగంజాం దాటాక రోడ్డు ఎక్కడ వదిలారో, మడుల గట్టు ఎక్కడ ఎక్కారో మాలకొండయ్యకు తెలియలేదు. ఉప్పు కుప్పలు మంచులోంచి ఒక్కొక్కటే తేలి వచ్చి, దగ్గరపడగానే పక్కకు తప్పుకుంటున్నాయి. తలమీద గంపలతో ఆడవాళ్ళు నడిచిపోతున్నారు. వాళ్ళ కాళ్ళు కనబడటం లేదు. మడులు అయిపోయాక పర్ర వచ్చింది. సముద్రపు పోటు వెనక్కి పోయాక ఆరి గట్టిపడిన బీడు అది, చెట్టూ పుట్టా లేని చదును. అక్కడ ఉస్తాద్ జీపు ఆపి దిగి, నువ్వు తోలు అన్నాడు.

ఆ జీపు చూడటానికి ముసలిదే, లోపల ఉన్న ఇంజన్ మాత్రం లారీది. మాలకొండయ్య మెల్లగా మొదలుపెట్టాడు. తొక్కు అన్నాడు ఉస్తాద్. ఇంకా తొక్కు అన్నాడు. రెండో గేరు, మూడో గేరు. పైనా కిందా ఒకటే తెలుపు. పక్కన దాటిపోయేది ఏదీ లేకపోవడంతో బండి వెళ్తున్నదో, ఉన్నచోటే ఉండి ఊగుతున్నదో తెలియని స్థితి. భయం పోయింది. పందెం పోయింది, ఈలలు పోయాయి. చిన్నప్పుడు జ్వరంలో అక్క ఒళ్ళో పడుకుని ఇంటి కప్పు వైపు చూస్తుంటే ఇలాగే ఉండేదని అతనికి గుర్తొచ్చింది. ఆ హాయిలో కాలు నేలకు ఆనేదాకా తొక్కేశాడట. నాకు చెబుతున్నప్పుడు కూడా ఆ మాట దగ్గర అతని ముఖం మెత్తబడింది.

అప్పుడు కింద ఎక్కడో టప్పుమని చిన్న చప్పుడైంది.

ఇంజన్ ఒక్కసారి ఒంటరిగా గొంతెత్తి అరిచింది. చక్రాలకూ దానికీ సంబంధం తెగిపోయింది. ఉస్తాద్ చెయ్యి చాపి తాళం తిప్పేశాడు. ఆ తర్వాత శబ్దమే లేదు. జీపు తనంతట తాను జారుతూ జారుతూ, గాలి పీల్చుకుంటున్నంత నెమ్మదిగా వేగం వదులుకుంటూ పోయింది. ఎంతసేపు అలా పోయిందో మాలకొండయ్య చెప్పలేకపోయాడు. ఆగినప్పుడు కూడా ఆగినట్టు అనిపించలేదట.

గంప ఎత్తుకున్న పెద్దామె ఒకామె మంచులోంచి వచ్చి, "మళ్ళీ విరిగిందా సాయిబూ?" అని నవ్వి, జవాబు కోసం ఆగకుండా మంచులోకి వెళ్ళిపోయింది.

తన చేతిలో మరో గేరుబాక్సు పోయిందని మాలకొండయ్యకు ఏడుపొచ్చినంత పనైంది. ఉస్తాద్ గోతం పరుచుకుని జీపు కిందికి దూరాడు. గేరుబాక్సు వెనక, చక్రాలకు బలం తీసుకుపోయే షాఫ్టు కలిసే చోటు నుంచి రెండు ముక్కలైన పిన్ను ఒకటి బయటికి లాగాడు. చిటికెన వేలంత ఉంది, మెత్తటి ఇత్తడిది, బలం మితిమీరితే అన్నిటికంటే ముందు తనే విరిగేలా పెట్టింది. చొక్కా జేబులోంచి అలాంటిదే కొత్తది తీసి దాని చోట బిగించాడు. బీడీ కాల్చినంతసేపు కూడా పట్టలేదు. గేరు పళ్ళు చూడమన్నాడు. మాలకొండయ్య మూత తీసి, టార్చి వేసి, వేలు పెట్టి తడిమాడు. అన్నీ ఉన్నాయి. షాఫ్టు బాగుంది, యాక్సిలు బాగుంది, మనుషులిద్దరూ బాగున్నారు.

పొద్దెక్కి మంచు పలచబడింది. జీపు పోతున్న వైపే దూరంగా, మట్టిగోడలా కాలువ గట్టు ఒకటి కనబడటం మొదలైంది. గట్టుకు ఒకచోట పెద్ద గండి. ఉస్తాద్ జీపుకు ఆనుకుని అటే చూస్తున్నాడు.

మాలకొండయ్య ఫోన్ మోగింది. అంకబాబు. ఏది ఖాయం చేశావని అడగడానికే అయి ఉంటుంది. అతను ఎత్తలేదు. మోగి మోగి ఆగిపోయింది. వెంటనే మళ్ళీ మోగింది, ఈసారి అక్క. తేదీ అడగడానికి కాబోలు. విరిగిన ఇత్తడి ముక్కలు రెండూ చేతిలో పెట్టుకుని, ఆ మోత మధ్యలోనే అతను అడిగాడు.

"ఆ పట్టా కింది దాంట్లో ఇట్టాంటి పిన్ను లేదా ఉస్తాద్?"

"లేదు. అప్పటికి నాకు తెలవదు" అన్నాడు కాలేషా ఉస్తాద్, గండి మీంచి చూపు తిప్పకుండా. "మా తమ్ముడు బాజీ దాన్ని ఈ పర్ర మీదనే తోలాడు. ఇట్టాంటి మంచులోనే. కాలువలోంచి బండి పైకి లాగి, వాణ్ణి మట్టి చేసినాక బాక్సు విప్పి చూశా. ఒక్క పన్ను పోలా."

పాతగుడ్డ తీసి చేతులు తుడుచుకున్నాడు.

"మీ బావ బండికి సరిపోయిద్ది. కావాలంటే తీసుకుపో."