ముద్ర వేసిన పచ్చడి

ఎండలు నిప్పులు చెరిగే ఒకానొక రాజ్యాన్ని గజకేతు అనే రాజు ఏలేవాడు. తన ముద్ర పడితే రాయైనా రత్నమైపోతుందని ఆయన నమ్మకం.

ఆ ఏడు వీధి తిండి తిని ఎవరికో వాంతులయ్యాయి. రాజు వెంటనే చట్టం చేశాడు. అమ్మే ప్రతి వంటకాన్నీ తెల్లవారగానే కుండకెత్తాలి, భటులు మూతికి లక్క పోసి రాజముద్ర వేస్తారు. అధికారి వచ్చి, ముద్ర విప్పి, రుచి చూశాకే అమ్మాలి.

వినడానికి మంచి చట్టమే. కానీ కాస్త ఆలోచించండి. అంగళ్లు నూట ఇరవై, అధికారి ఒక్కడు. కోట గుమ్మం దగ్గర బయలుదేరినవాడు ఊరి చివరి కుమ్మరివీధికి వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. అప్పటికే పొట్ట నిండిపోయి, రుచి మాట వదిలేసి, ముద్ర చెదరలేదు కదా అని చూసి పోయేవాడు. ఆ ఎండకి మూసిపెట్టిన కొబ్బరి పచ్చడి ఏమవుతుందో మీకు వేరే చెప్పాలా?

నెల తిరక్కుండా ఆ వీధిలో తొమ్మిది మంది పోయారు. వాళ్లలో ఇడ్లీలమ్మే నూకాలుకి రోజూ కొబ్బరి తురిమిచ్చే పెనిమిటి ఒకడు.

దినకర్మలయ్యాక నూకాలు ముద్ర వేయించడం మానేసింది. ఎప్పటికప్పుడు పచ్చడి నూరి అమ్మింది. భటులు పట్టుకెళ్లారు. పచ్చడి నూరిన కుడిచెయ్యి పొద్దుగూకేలోగా నరకాలని తీర్పయింది.

"చెప్పుకునేది ఏమైనా ఉందా?" అన్నాడు రాజు.

"ఈ చేత్తో ఆఖరిసారి తమకి నూరి పెడతాను దొరా. పొద్దున మా వీధిలో ముద్ర వేసిన కుండ కూడా ఒకటి తెప్పించండి. తమరు ముద్ర ఉన్నది తింటే చెయ్యి తీసుకోండి. లేనిది తింటే వదిలెయ్యండి."

"పిచ్చిదానా, నా ముద్ర ఉన్నదే తింటాను. సరే, కానీ."

నూకాలు సభలోనే రోలు ముందేసుకుని నూరి, రాజు ముందు ఇడ్లీలు పెట్టింది. తరవాత భటుడు కుండ లక్క పగలగొట్టాడు. బుస్సుమని నురగ పొంగింది. మంత్రులు ఉత్తరీయాలు ముక్కులకి అడ్డం పెట్టుకున్నారు. ఇడ్లీ ముక్క పట్టుకున్న రాజు చెయ్యి మధ్యలో ఆగిపోయింది.

"ముందు అధికారి తినాలి. అది ఆయన పని" అన్నాడు.

అధికారి రాజు కాళ్ల మీద పడ్డాడు. "మహాప్రభో, పిల్లలు గలవాణ్ణి."

"పోయినవాళ్లకీ ఉన్నారయ్యా పిల్లలు" అంది నూకాలు.

రాజు కుండని పక్కకి నెట్టి, ఇడ్లీ ముక్కని రోట్లోని పచ్చడిలో అద్దుకుని తిన్నాడు. కారానికి కళ్లు తుడుచుకుని నవ్వాడు.

"నా ముద్రని నాచేతే ఓడించావే. ఏం కావాలో అడుగు."

"వీధికో అధికారిని పెట్టండి దొరా. మేం వండేటప్పుడే రమ్మనండి. నీళ్లు చూడమనండి, రోలు చూడమనండి, మా చేతులు చూడమనండి."

రాజు సరేనని, తన బంగారు కడియం తీసి ఆమె కుడిచేతికి తొడిగాడు. సభంతా నవ్వింది.

మర్నాడు కోడికూసే వేళకే కొత్త అధికారి ఆమె రోటి పక్కన పీట వేసుకు కూర్చున్నాడు. నూకాలు కడియం తీసి పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, రోలు ముందు కూర్చుంది. కొబ్బరి తురిమిచ్చే మనిషి మాత్రం ఇంట్లో లేడు.