ఆవకాయ మరక

"మాష్టారూ, ఒక మనిషి పుస్తకం చదివిందీ లేనిదీ కనిపెట్టడం ఎలాగండీ?" అని అడిగాడు అచ్యుతం.

తాతబ్బాయి మాష్టారికి ఒక అలవాటుంది. ప్రశ్న వినగానే జవాబు చెప్పరు. కళ్ళజోడు తీసి కండువా చెంగుతో తుడుచుకుంటారు. ఆ తుడవడం ఎంత సాగితే అడిగినవాడికి అంత ఇబ్బంది. ఆ వేళ చాలాసేపే తుడిచారు. ఎవరి గురించి అని మాత్రం అడగలేదు. అడగక్కర్లేదు కూడా. అచ్యుతం అనుమానం ఎవరి మీదో రామచంద్రపురంలో మా బృందంలో అందరికీ తెలుసు. అది డాక్టర్ మంగతాయారుగారి మీద.

మా బృందం సంగతి కొంచెం చెప్పాలి. నెలనెలా మాష్టారు ఒక అంశం చెబుతారు. ఆ అంశానికి తగిన పుస్తకం ఎవరికి వారు వెతుక్కుని చదివి, నెలాఖరు ఆదివారం మాష్టారింటి వరండాలో కూర్చుని నాలుగు మాటలు చెప్పాలి. ఒక నెల ప్రయాణం, ఒక నెల వాన, ఒక నెల మామిడిపండు. దెయ్యాల నెలలో మాలో ఒకాయన ఇన్‌కంటాక్సు గైడు పట్టుకొచ్చి ఇంతకు మించిన దెయ్యం ఏదో చూపించమన్నాడు. చదవని వాళ్ళు ఆ నెల అందరికీ టీ పొయ్యాలి. అదొక్కటే శిక్ష. చదివానంటే చదివినట్టే, రుజువు అడగకూడదు. ఇది మాష్టారు పెట్టిన నియమం. ఏడాది మొత్తం మీద ఒక్కసారి కూడా కెటిల్ ముట్టుకోని వాళ్ళకి మరుసటి ఏడాది అంశాలన్నీ నిర్ణయించే హక్కు వస్తుంది.

ఆ ఏడు నవంబరు దాటేసరికి కెటిల్ ముట్టుకోని వాళ్ళు ఇద్దరే మిగిలారు. ఒకరు అచ్యుతం, రెండోవారు మంగతాయారుగారు.

అచ్యుతం ఆర్టీసీలో చెకింగ్ ఇన్‌స్పెక్టరు. హైస్కూల్లో మాష్టారి దగ్గర చదువుకుని, నెత్తిన జుట్టు సగం పోయినా ఇంకా శిష్యుడిగానే మిగిలిపోయినవాడు. పొద్దున లేచింది మొదలు బస్సెక్కడం, చెయ్యి చాచడం, "టికెట్" అనడం. ఎదుటివాడు జేబు తడుముకుంటే చాలు ఆయనకి ప్రాణం లేచివస్తుంది. ఏ బస్సు ఎటు వెళ్ళాలో చెప్పే అధికారం ఆ ఉద్యోగంలో ఎప్పుడూ లేదు, ఎవరో వేసిన దారిలో ఎవరో నడిపే బండిని పరీక్షించడమే. అందుకే కాబోలు, మా బృందం వచ్చే ఏడాది ఏ దారిన వెళ్ళాలో తనే చెప్పాలని ఆయనకి గట్టి కోరిక పుట్టింది. పన్నెండు అంశాలూ ఎప్పుడో ఆలోచించి పెట్టుకున్నాడు. నాకు రెండుసార్లు వినిపించాడు. బాగానే ఉన్నాయి.

మంగతాయారుగారు పళ్ళ డాక్టరు. ఊళ్ళో అందరి నోళ్ళూ తెరిపించేదే గానీ తన నోరు తెరిచేది కాదు. మేమంతా పుస్తకం గురించి అరగంటేసి చెబితే ఆవిడ ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటుంది. వానల నెలలో ఏదో వరద నవల చదివానని చెప్పి, "బాగుందండీ. వాన చాలా ఉంది," అంది. అంతే. అట్ట చూసినవాడు కూడా ఆ మాత్రం చెప్పగలడు కదా! పొద్దున్నుంచి రాత్రి దాకా క్లినిక్కు బెంచీల మీద దవడలు పట్టుకున్నవాళ్ళు వరసగా కూర్చునుంటారు. ఆవిడకి చదివే తీరిక ఎక్కడిది? అచ్యుతం ఈ మాట మా ఒక్కొక్కరి చెవినా వేశాడు. అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు పెద్దలు. ఆవిడ వైపు చూడడం మొదలెట్టిన వాళ్ళం కాస్తా ఒకళ్ళ వైపు ఒకళ్ళం చూసుకోవడం మొదలెట్టాం. పోయిన నెల ఆఖరి భాగం వదిలేసినవాళ్ళూ, సినిమా చూసి నవల చదివామన్నవాళ్ళూ గుమ్మడికాయల దొంగ ఎవరంటే అన్నట్టు భుజాలు తడుముకున్నారు. వరండాలో నవ్వులు తగ్గాయి.

మాష్టారు కళ్ళజోడు పెట్టుకుని, "డిసెంబరు అంశం ఇంకా చెప్పలేదు కదూ?" అన్నారు.

"లేదండి."

"పక్కవాళ్ళు చదివిన పుస్తకం. నువ్వూ డాక్టరమ్మా మార్చుకోండి. వానల నెలలో ఆవిడ చదివానన్న పుస్తకం నువ్వు తీసుకో. నీకు బాగా నచ్చింది ఆవిడకియ్యి. నెలాఖరుకి నీ ప్రశ్నకి జవాబు అదే దొరుకుతుంది."

అచ్యుతం ఉబ్బిపోయాడు. మాష్టారికీ తనలాంటి అనుమానమే ఉందనీ, సోదా చెయ్యడానికి తనకి అనుమతి ఇచ్చారనీ అనుకున్నాడు. నిజం చెప్పొద్దూ, నేనూ అలాగే అనుకున్నాను.

ఆయన డాక్టరుగారికి ఒక రైల్వే స్టేషను కథ ఇచ్చాడు. ఇచ్చే ముందు తను మళ్ళీ చదివాడు, ప్రశ్నల కోసం. స్టేషన్ మాస్టరు గొడుగు ఏ రంగు, అతని కుక్క పేరేమిటి, ఏ బండి ఆలస్యమైంది, ఇలాంటివన్నీ ఏరి పెట్టుకున్నాడు. ఆవిడ ఇచ్చిన వరద నవలకి అట్ట లేదు. అట్ట ఎందుకు లేదన్నదే ఆయనకి మొదటి అనుమానం.

నెల మధ్యలో ఒక సాయంత్రం ఆ పుస్తకం పట్టుకుని మా ఇంటికొచ్చాడు. తలుపు దగ్గరగా వేసి, ట్యూబులైటు కింద పేజీలు తిప్పి చూపించాడు. అంచుల నిండా మరకలు. ఎర్రటి ఆవకాయ నూనె, పసుపు వేలిముద్ర, ఒకచోట ఎండిపోయిన మెతుకు. నాకు ఒళ్ళు మండింది. మా ఇళ్ళలో పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకుంటాం. ఎంగిలి చేత్తో సరస్వతిని ముట్టుకుంటుందా చదువుకున్న మనిషి!

"అది కాదండీ అసలు సంగతి. ఇది చూడండి," అని అచ్యుతం ఒక పాత బస్సు టికెట్టు గుర్తు పెట్టుకున్న చోట పుస్తకం తెరిచాడు. ఎడమ పేజీ మీద పెద్ద ఆవకాయ మరక ఉంది. అక్కణ్ణించి ఆఖరి దాకా ఒక్క మరక లేదు. ముత్యాల్లాంటి తెల్లటి పేజీలు.

"ఇక్కడ దిగిపోయిందండి ఆవిడ. చివరి స్టేజీ దాకా వెళ్ళానని మనకి చెప్పింది," అన్నాడు.

ఇంత స్పష్టంగా కనిపిస్తుంటే ఇంకేమంటాను? దొరికింది దొంగ అనుకున్నాను. ఆ రాత్రి మాత్రం ఎందుకో మనసు బాగాలేదు. ఆదివారం నలుగురిలో ఈ మాట పడితే ఆవిడ మళ్ళీ ఆ వరండా ఎక్కదు. మాట్లాడకపోయినా అందరికన్నా ముందొచ్చి కూర్చునే మనిషి ఆవిడ. భర్త పోయాక ఆవిడ సెలవు తీసుకునేది ఆ ఒక్క పూటే అని మా ఆవిడ ఎప్పుడో చెప్పింది.

నెలాఖరు ఆదివారం వచ్చింది. అందరూ చదివామనే అన్నారు. అచ్యుతం కూడా, "ఆయ్, చదివానండి," అన్నాడు. టీ పోసే పాపాత్ముడు ఎవరూ తేలక కెటిల్ బల్ల మీద అలాగే ఉండిపోయింది. మంగతాయారుగారి వంతు వచ్చింది.

"బాగుందండీ. ఆ స్టేషన్ మాస్టరు పాపం," అంది.

అచ్యుతం గొంతు సవరించుకున్నాడు. "డాక్టరుగారూ, ఆయన గొడుగు రంగేమిటండీ?"

ఆవిడ తెల్లబోయింది. "గుర్తులేదండీ."

"కుక్క పేరు?"

"కుక్క ఉంది కదూ? పేరు... గుర్తు రావట్లేదు."

"పోనీ ఆలస్యమైన బండి ఏదండీ?"

ఆవిడ తల అడ్డంగా ఊపింది. వరండాలో మేమంతా ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. రుజువు అడగకూడదన్న నియమం మాష్టారు గుర్తు చేస్తారేమో అని చూశాను. ఆయన గుర్తు చెయ్యలేదు. కళ్ళజోడు కూడా తియ్యలేదు.

అప్పుడు అచ్యుతం సంచిలోంచి వరద నవల తీశాడు. మరకలున్న పేజీలు ఒక్కొక్కటీ అందరికీ కనపడేలా తిప్పాడు. మరకలు ఆగిపోయిన చోట టికెట్టు తీసి పక్కన పెట్టాడు. "నేను ఒక్క మాట కూడా అననండి. ఈ పుస్తకమే చెబుతుంది, ఎక్కడిదాకా చదివారో," అన్నాడు. మంగతాయారుగారి మొహం ఎర్రబడింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చుంది. నాకు ఆ వరండాలోంచి లేచి పోవాలనిపించింది.

"అచ్యుతం, ఆ పేజీలో ఏముంది?" అన్నారు మాష్టారు.

"ఆవకాయ మరకండి."

"మరక సరే. దాని కింద అచ్చు వేసి ఉంటుంది కదయ్యా, అందులో ఏముంది?"

అచ్యుతం పేజీ మీదికి వంగాడు. ఆ పుస్తకంలో ఏ పేజీలో ఏ మరక ఉందో కళ్ళు మూసుకుని చెప్పగలడు. అందులో అచ్చు మాత్రం చదవనే లేదు.

"పైకి చదువు," అన్నారు మాష్టారు.

బస్సు హోరులో కూడా వినపడే గొంతు ఆయనది. ఆ గొంతుతోనే మొదలుపెట్టాడు. ఇంట్లోకి వరదనీళ్ళు వచ్చేశాయి. తల్లి పిల్లలు ముగ్గుర్నీ తీసుకుని అటకెక్కి కూర్చుంది. గిన్నెలో అడుగున కొంచెం అన్నం ఉంది. చీకట్లో తడుముకుంటూ ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్క ముద్ద పెట్టింది. చిన్నవాడు, అమ్మా నీకో అన్నాడు. నేను ఇందాకే తిన్నానురా అంది. వాళ్ళు నిద్రపోయాక ఖాళీ గిన్నెలో వాననీళ్ళు పట్టి, కడిగి, ఆ నీళ్ళు తాగింది. ఇక్కడికి వచ్చేసరికి అచ్యుతం గొంతు మాకే వినపడకుండా పోయింది.

మంగతాయారుగారు తల ఎత్తకుండానే చెప్పింది.

"క్లినిక్కులో మధ్యాహ్నం అన్నం తింటూ చదువుతానండీ. అప్పుడే కాస్త తీరిక. తప్పే, మా అమ్మ చూస్తే చంపేసేది. ఆ రోజు సరిగ్గా అక్కడికొచ్చేసరికి చేతిలో ముద్ద ఉంది. నోట్లోకి వెళ్ళలేదు. డబ్బా మూసేసి చెయ్యి కడుక్కొచ్చాను. ఆ పుస్తకం మళ్ళీ తింటూ చదవలేకపోయానండీ."

ఏడాది మొత్తం మీద ఆవిడ నోటి నుంచి మేం విన్న మాటలన్నీ కలిపినా అంత ఉండవు. ఆ తెల్లటి పేజీలు చూసి దొంగ దొరికిందనుకున్నందుకు నాకు సిగ్గేసింది. నేనూ ఆ పేజీ చేతిలో పట్టుకున్నవాణ్ణే. నేనూ మరకే చూశాను.

అచ్యుతం ఆవిడ వైపు చూశాడు. పుస్తకం వైపు చూశాడు. పేజీ తిప్పాడు. చదవడం మొదలుపెట్టాడు, ఈసారి లోపల్లోపలే. అటక మీది పిల్లలు ఏమయ్యారో తెలుసుకోకుండా ఆయన ఉండలేకపోయాడని మాకందరికీ అర్థమైంది. కాసేపటికి తనెక్కడున్నాడో గుర్తొచ్చినట్టు లేచి, బల్ల దగ్గరకి వెళ్ళి కెటిల్ అందుకున్నాడు. పొయ్యమని ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఆ కెటిల్ పట్టుకున్నాడంటే నెలల తరబడి దాచుకున్న పన్నెండు అంశాలూ వదులుకున్నట్టే. మొదటి గ్లాసు మంగతాయారుగారి కోసమే పెట్టాడు.

కుడిచేత్తో టీ పోస్తున్నాడు, ఎడంచేతిలో పుస్తకం తెరిచే ఉంది. కళ్ళు దానిమీదే ఉన్నాయి. గ్లాసు నిండింది, పొంగింది, బల్ల మీద పడి చింది పుస్తకం తెల్లటి పేజీ మీద ఇంత మరక అయింది. ఆయన గతుక్కుమని కెటిల్ దించి, జేబురుమాలు తీసి, డాక్టరుగారి వైపు భయంగా చూస్తూ గబగబా అద్దబోయాడు.

మాష్టారు చెయ్యెత్తి ఆపారు.

"తుడవకు అచ్యుతం. రేపు ఎవరైనా అడిగితే చూపించాలిగా."