పేషణీదేవి తొలివాయి వ్రత కథ

తొల్లి దర్భవనమున మునులు కూర్చుండియుండగా, శాలంక మహర్షి కాలకంఠ మహర్షిని జూచి, కలియుగమున ఇంటి యంత్రములు చేయువారు తమ నోటితోనే చెడుదురని వింటిననియు, వారు తరించు వ్రతమేదో తెలుపుమనియు అడిగెను. కాలకంఠుడు చెవులు మూసికొని, తలచుకొన్న నాకిప్పటికిని గుండె ఝల్లుమనుచున్నది, వినుమని యిట్లు చెప్పెను.

కృష్ణాతీరమున పొన్నలపురమను పట్టణమున బ్రహ్మలింగాచారి అను పనివాడు గలడు. రోట్లో పప్పు రుబ్బి రుబ్బి భార్య కనకాంబ మణికట్టు వాచిపోగా, అతడు చూడలేక, కరెంటుతో తిరుగు రుబ్బురోలు చేయబూనెను. ఎన్నిమార్లు చేసినను మోటారు కాలిపోవుటయో, పిండి గోడలకెగురుటయో జరిగెను. చుట్టాలు నవ్విరి. అప్పుడతడు ఇంటి రోలుకు పసుపు పూసి, "తల్లీ పేషణీదేవీ, ఇది తిరిగితే చాలు. చేసిన ప్రతి రోట్లోనూ తవుడు రుబ్బి పారబోసి, కొత్త రాతి పొడి అంతా వదిలాక, తొలివాయి ఇడ్లీలు మేం తిన్న తర్వాతే అమ్ముతాను" అని మ్రొక్కెను. యంత్రము తిరిగెను. మ్రొక్కు చెల్లించినన్నాళ్లు ఆ ఊర ఆ రోలు లేని యిల్లు లేదాయెను.

గిరాకి పెరిగినకొలది, ఏరు దాటి తెప్ప తగలేసినట్లు, అతడు తవుడు మానెను, తొలివాయియు మానెను. ఒకనాడు దేవి ముదుసలి రూపమున దుకాణమునకు వచ్చి, కొత్త రోలును నిమిరి, "నాయనా, దీని తొలివాయి తిన్నావా?" అని అడిగెను.

"తిన్నానవ్వా. వెన్నపూసే అనుకో" అనెను. కూడు పెట్టిన రాతి యెదుట ఎంత అబద్ధమాడెనో చూడుడు.

"నీకట్లాగే ఉంటుందిలే నాయనా" అని ఆమె వెడలిపోయెను.

ఆ రోటి పిండితోనే ఒక పెండ్లిలో ఇడ్లీలు వడ్డించిరి. పంక్తియంతయు ఒక్కమారుగా కరకరమనెను. పెండ్లికొడుకు తండ్రి పన్ను విరిగి విస్తరిలో పడెను. అందరు నిర్ఘాంతపోయి, నోట చేయి పెట్టుకొని లేచిపోయిరి. బ్రహ్మలింగాచారి పరుగున వచ్చి అదే వాయి ఇడ్లీ తినగా, అది వెన్నవలె కరిగిపోయెను. అతడు తెల్లబోయి, ఆపైన మండిపడి, కూడబలుక్కొని నన్ను చెరుపుచున్నారని అందరిని తిట్టెను. అమ్మిన రోళ్లన్నియు తిరిగి వచ్చి వాకిట గుట్టపడెను. పనివారు మానుకొనిరి. అతడు ప్రతి రోటి పిండియు వండించుకొని తిని, వెన్న, వెన్న యనుచు పిచ్చివానివలె తిరిగెను.

చివరకు కనకాంబ ఆ గుట్టలోని ఒక రోట రుబ్బి, ఇడ్లీ నోట పెట్టుకొని, నెత్తురుతో ఉమిసెను. "మీకెలా ఉందో నాకు తెలీదు. నా నోట్లో మాత్రం రాయే ఉందండీ" అనెను. ఆ నెత్తురు చూచి అతడు వెన్న యనుట మానెను. తన నాలుకను నమ్మవలెనా, ఆలి నోటినా? ఆమె నోటినే నమ్మెను. అవ్వతో అబద్ధమాడితినని చెప్పి యేడ్చెను.

అది మొదలు ప్రతి రోటను తానే తవుడు రుబ్బి పారబోసెను. కనకాంబ పిండిని వేళ్ల నడుమ నలిపి ఇంకా రాతిపొడి ఉన్నదన్న మరల కడిగెను, చాలునన్నప్పుడే తొలివాయి దించిరి. ఒకనాడు తినుచుండగా అతని పంటి క్రింద రాయి కటుక్కుమనెను. "కనకం, నాకూ తగిలింది, రాయి తగిలింది" అని అతడు గంతులు వేసెను. దేవి కరుణించి అతని నాలుకను తిరిగి యిచ్చినది. ఆ రోలును మరల కడిగిరి. కొన్నాళ్లకు వాకిలి ఖాళీ ఆయెను, ఇల్లు నిండెను.

కాబట్టి యంత్రములు చేయువారు, వంటవారు, సరుకు అమ్మువారు, తన పనిని తానే మెచ్చుకొను ప్రతివాడును ఈ వ్రతము చేయవలెను. చేసినవారి సరుకు వెనుకకు రాదు, మాట విలువ పోదు, ఇంట అన్నమునకు కొదవ ఉండదు. తొలివాయి ప్రసాదము బాగున్నదని యజమాని అనరాదు. రుబ్బిన యిల్లాలు తిని చెప్పువరకు అందరు చేతులు కట్టుకొని కూర్చుండవలెను. ఆమె బాగులేదన్నచో, అతడే లేచి మరల రుబ్బవలెను.